భాగం – 9: రోజువారీ వాడకంలో ఉన్న పెర్ఫార్మెన్స్ కారుకు వెనుక సస్పెన్షన్ మార్పుల ఎంపిక

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ట్విస్ట్ బీమ్ పనిచేసే తీరు
9.3 మార్పుకు ముందు తనిఖీ
9.4 స్ప్రింగులు, కారు ఎత్తు
9.5 షాక్ అబ్జార్బర్లు
9.6 బుష్‌లు
9.7 వెనుక యాంటీ రోల్ బార్
9.8 ఎంపిక క్రమం – ఒక ఉదాహరణ
9.9 చట్టం, బీమా
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ట్విస్ట్ బీమ్ వెనుక సస్పెన్షన్ నిర్మాణాన్ని, పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• కారు ఎత్తు తగ్గిస్తే స్ప్రింగు కదలికకు ఎంత చోటు మిగులుతుందో లెక్కించగలుగుతారు.
• స్ప్రింగు, షాక్ అబ్జార్బర్, బుష్, యాంటీ రోల్ బార్ మార్పుల ఫలితాలను వేరుచేసి చెప్పగలుగుతారు.
• రోజూ నడిపే కారుకు ఏ మార్పు ముందు, ఏది తరువాత, ఏది అవసరం లేదు అన్నది నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో ముందు సస్పెన్షన్ గురించి తెలుసుకున్నారు. ఈ భాగంలో వెనుక సస్పెన్షన్‌ను పరిశీలిద్దాం. పెర్ఫార్మెన్స్ కారు కొన్నవారిలో చాలామంది కొంతకాలానికి "వెనుక భాగం మెత్తగా ఉంది, గట్టి చేయిస్తే బాగుంటుంది" అనుకుంటారు. దుకాణానికి వెళితే ఎత్తు తగ్గించే స్ప్రింగులు, కాయిలోవర్ కిట్లు, పాలీయురేథేన్ బుష్‌లు, యాంటీ రోల్ బార్లు అన్నీ చూపిస్తారు. ఏది కొనాలి?

ఇదే కారులో పొద్దున ఆఫీసుకు వెళ్ళాలి, సాయంత్రం పిల్లల్ని వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని రావాలి, పండగకు సామానుతో ఊరు వెళ్ళాలి. రేసు కారులో నడిపేవాడు ఒక్కడే ఉంటాడు, ట్రాక్ నున్నగా ఉంటుంది. రోజువారీ కారులో బరువు, రోడ్డు రెండూ మారుతూనే ఉంటాయి. ఈ బరువు మార్పు ఎక్కువగా పడేది వెనుక చక్రాల మీదే. కాబట్టి వెనుక సస్పెన్షన్ మార్పును ఖాళీ కారులో ఒక్కరే నడిపి చూసి నిర్ణయించకూడదు. నిండు బరువుతో, అధ్వాన్నమైన రోడ్డు మీద, వానలో ఎలా ఉంటుందన్నదే అసలు పరీక్ష.

ఉదాహరణగా మన దేశంలో చాలామందికి పరిచయమైన వోక్స్‌వ్యాగన్ పోలో జి.టి. టి.ఎస్.ఐ.ని తీసుకుందాం. ఇది 2013లో 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనుతో, 105 పి.ఎస్. శక్తితో, 7 గేర్ల డి.ఎస్.జి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో వచ్చింది. 2020లో దాని స్థానంలో 110 పి.ఎస్. ఇచ్చే 1.0 లీటర్ ఇంజను వచ్చింది. పుణె దగ్గరి చాకన్‌లో తయారైన పోలో ఉత్పత్తి 2022లో ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్ల మీద ఉన్న ఈ కార్లన్నీ కొన్నేళ్ళు తిరిగినవే. ఈ విషయం 9.3లో మనకు ముఖ్యమవుతుంది. ఈ కారులో ఇంజను నడిపేది ముందు చక్రాలను. వెనుక ఉన్నది ట్విస్ట్ బీమ్ సస్పెన్షన్.

9.2 ట్విస్ట్ బీమ్ పనిచేసే తీరు

రెండు వెనుక చక్రాలకూ చెరొక ట్రెయిలింగ్ ఆర్మ్ ఉంటుంది. ప్రతి ఆర్మ్ ముందు కొస ఒక రబ్బరు బుష్ ద్వారా కారు బాడీకి బిగించి ఉంటుంది. ఆర్మ్ వెనుక కొసకు చక్రం ఉంటుంది. ఈ రెండు ఆర్మ్‌లనూ కలుపుతూ ఒక అడ్డ బీమ్ ఉంటుంది. దీన్ని గొట్టంలా మూసివేయకుండా, ఒక వైపు తెరిచి ఉన్న దోనె ఆకారంలో చేస్తారు. అందువల్ల అది వంగడానికి గట్టిగా, మెలితిరగడానికి మెత్తగా ఉంటుంది.

రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే (ఉదాహరణకు స్పీడ్ బ్రేకర్ మీద) బీమ్ మెలితిరగదు, ఆర్మ్‌లతో పాటు కదులుతుంది. ఒక చక్రమే గుంటలో పడినా, మలుపులో కారు ఒక పక్కకు ఒరిగినా బీమ్ మెలితిరుగుతుంది. అలా మెలితిరగడానికి అది చూపే నిరోధమే యాంటీ రోల్ బార్ చేసే పని. అంటే ఈ కారుకు వెనుక యాంటీ రోల్ బార్ లేదనుకోవడం పొరపాటు. ఆ పనిలో కొంత బీమే చేస్తోంది.

ఈ పద్ధతిని 1974లో వచ్చిన మొదటి తరం గోల్ఫ్ కారు బాగా ప్రచారంలోకి తెచ్చింది. భాగాలు తక్కువ, చోటు తక్కువ, ఖర్చు తక్కువ. 2003లో వచ్చిన అయిదో తరం గోల్ఫ్‌లో దీని బదులు మల్టీలింక్ పద్ధతి పెట్టారు. దీన్నిబట్టి ట్విస్ట్ బీమ్ వేగానికి పనికిరాదని అనుకోకండి. 2014లో రెనో మెగాన్ ఆర్.ఎస్. 275 ట్రోఫీ-ఆర్ జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫే ట్రాక్‌ను 7 నిమిషాల 54 సెకన్లలో చుట్టి, ముందు చక్రాలతో నడిచే కార్లలో రికార్డు నెలకొల్పింది. ఆ కారు వెనుక ఉన్నది ట్విస్ట్ బీమే. కనుక ఏ పద్ధతి ఉందన్నదాని కంటే అందులోని భాగాలు ఒకదానికొకటి ఎలా సరిపోయాయన్నది ముఖ్యం.

పోలోలో వెనుక స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ వేరువేరుగా ఉంటాయి. ముందు వైపు ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో మాదిరిగా ఒకదాని మీద ఒకటి ఉండవు. అందువల్ల ఈ కారు కోసం "కాయిలోవర్ కిట్" అని అమ్మేదానిలో కూడా వెనుకకు వచ్చేది ఎత్తు సవరించుకునే స్ప్రింగు ఒకటి, విడిగా షాక్ ఒకటి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I
గమనిక: (అ) మీ సమాధానాన్ని నోటుపుస్తకంలో రాయండి. (ఆ) 9.12లో ఇచ్చిన సమాధానంతో సరిపోల్చుకోండి.
1. ట్విస్ట్ బీమ్ ఏ సందర్భంలో మెలితిరుగుతుంది? ఏ సందర్భంలో మెలితిరగదు?

9.3 మార్పుకు ముందు తనిఖీ

"మెత్తబడింది" అనిపించే కారు చాలాసార్లు అరిగిపోయిన కారు. కొత్తగా ఉన్నప్పుడు కారు ఎలా ఉండేదో యజమాని మరిచిపోతాడు. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఈ నాలుగు అంశాలు చూడండి.

1. టైర్లు: గాలి పీడనం తయారీదారు చెప్పినంత ఉందా? నాలుగు టైర్లూ ఒకే రకమా? టైరు పాతబడి రబ్బరు గట్టిపడిందా? పట్టు విషయంలో మంచి టైర్లు ఇచ్చే ఫలితాన్ని ఏ సస్పెన్షన్ భాగమూ ఇవ్వలేదు.
2. షాక్ అబ్జార్బర్లు: ఒంటి మీద నూనె కారిన మరక ఉందా? ఎత్తు దిగిన తరువాత కారు వెనుక భాగం ఒకటికి రెండుసార్లు ఊగుతోందా?
3. బుష్‌లు: రబ్బరు చిట్లిందా? బ్రేకు వేసినప్పుడు వెనుక నుంచి 'టక్' మనే శబ్దం వస్తోందా?
4. అలైన్‌మెంట్: వెనుక చక్రాల కొలతలు కూడా తీయించారా? ట్విస్ట్ బీమ్ కార్లలో వెనుక టో, క్యాంబర్ మామూలుగా సవరించుకునేవి కావు. కొలత తప్పుగా వస్తే బీమ్ వంగిందేమో, బుష్ పోయిందేమో చూడాలి.

ఈ తనిఖీలో లోపం బయటపడితే ముందు దాన్ని సరిచేసి, కొన్ని రోజులు నడపండి. అప్పటికీ అసంతృప్తి మిగిలితేనే కింది మార్పుల గురించి ఆలోచించాలి.

9.4 స్ప్రింగులు, కారు ఎత్తు

ఎక్కువమంది మొదట కొనేది, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఒక లెక్క చేద్దాం. ఈ అంకెలు సులభంగా లెక్కించడం కోసం తీసుకున్నవే కానీ ఒక నిర్దిష్ట కారువి కావు.

ఖాళీ కారులో ఒక్కో వెనుక చక్రం పైన మోసే బరువు 200 కి.గ్రా. అనుకుందాం. చక్రం దగ్గర కొలిచిన స్ప్రింగు గట్టిదనం మి.మీ.కు 20 న్యూటన్లు. బంప్ స్టాపర్‌కు తగలడానికి ముందు చక్రం పైకి కదలగల చోటు 70 మి.మీ. వెనుక సీట్లో ఇద్దరు పెద్దవాళ్ళు, డిక్కీలో సామాను కలిపి 160 కి.గ్రా. ఎక్కాయి. ఈ బరువంతా వెనుక చక్రాల మీదే పడిందనుకుంటే ఒక్కో చక్రానికి 80 కి.గ్రా., అంటే సుమారు 785 న్యూటన్లు.

(అ) అసలు స్ప్రింగు: కారు దిగేది 785 ÷ 20 = సుమారు 39 మి.మీ. మిగిలిన చోటు 70 – 39 = 31 మి.మీ.

(ఆ) ఎత్తు 30 మి.మీ. తగ్గించే, 30 శాతం గట్టి స్ప్రింగు (మి.మీ.కు 26 న్యూటన్లు): ఖాళీగానే చోటు 40 మి.మీ.కు తగ్గింది. బరువుకు దిగేది 785 ÷ 26 = సుమారు 30 మి.మీ. మిగిలింది 10 మి.మీ.

(ఇ) ఎత్తు 15 మి.మీ. తగ్గించే, 15 శాతం గట్టి స్ప్రింగు (మి.మీ.కు 23 న్యూటన్లు): ఖాళీగా చోటు 55 మి.మీ. దిగేది 34 మి.మీ. మిగిలింది 21 మి.మీ.

(ఆ)లో మిగిలిన 10 మి.మీ. అంటే చిటికెన వేలు మందం కూడా లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, గంటకు 25 కి.మీ. వేగంతో దాటగలిగేలా ఉండాలి. మన వీధుల్లో కనిపించే వాటిలో అంతకంటే ఇరుకుగా, నిటారుగా ఉన్నవి ఎన్నో మీకు తెలుసు. అలాంటి దాని మీద నిండు కారు బంప్ స్టాపర్‌ను గుద్దుకుంటే ఆ దెబ్బ నేరుగా బాడీకి, వెనుక కూర్చున్నవారి నడుముకు తగులుతుంది. మలుపు మధ్యలో గతుకు వచ్చి స్టాపర్ తగిలితే పరిస్థితి ఇంకా ప్రమాదకరం. ఆ క్షణంలో ఆ చక్రం దగ్గర స్ప్రింగు ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిపడినట్లవుతుంది, టైరు పట్టు తప్పుతుంది.

"ఎత్తు తగ్గినా స్ప్రింగు గట్టిదే కదా, సరిపోతుంది" అనే వాదన వినబడుతుంది. దాన్నీ లెక్కలోనే చూద్దాం. 30 మి.మీ. తగ్గించిన తరువాత కూడా నిండు బరువుతో మునుపటి 31 మి.మీ. మిగలాలంటే, కారు 9 మి.మీ. మాత్రమే దిగాలి. అందుకు కావలసిన గట్టిదనం 785 ÷ 9 = మి.మీ.కు సుమారు 87 న్యూటన్లు. అంటే అసలు స్ప్రింగుకు 4 రెట్ల కంటే ఎక్కువ!

అంత గట్టి స్ప్రింగు రోజువారీ కారుకు ఎందుకు పనికిరాదో సహజ పౌనఃపున్యం చెబుతుంది.

సహజ పౌనఃపున్యం (హెర్ట్జ్) = 0.159 × √(గట్టిదనం ÷ ద్రవ్యరాశి)

ఇక్కడ గట్టిదనాన్ని మీటరుకు న్యూటన్లలో, ద్రవ్యరాశిని కిలోగ్రాముల్లో తీసుకోవాలి. ఖాళీ కారులో అసలు స్ప్రింగుకు 0.159 × √(20,000 ÷ 200) = 1.59 హెర్ట్జ్ వస్తుంది. మి.మీ.కు 26 న్యూటన్ల స్ప్రింగుకు 1.81 హెర్ట్జ్. 87 న్యూటన్ల స్ప్రింగుకు సుమారు 3.3 హెర్ట్జ్. మొదటి రెండూ రోడ్డు కార్ల పరిధిలోనివి. చివరిది రేసు కారు పరిధిలోకి పోతుంది. అలాంటి కారు గతుకుల రోడ్డు మీద నేలను అంటిపెట్టుకుని ఉండదు, ఎగిరెగిరి పడుతుంది. సౌకర్యంతో పాటు పట్టు కూడా పోతుంది.

కాబట్టి రోజూ నడిపే కారుకు స్ప్రింగు ఎంచుకునేటప్పుడు (ఇ) లాంటి చిన్న మార్పు దగ్గరే ఆగడం మంచిది. మీ కారు అసలు గట్టిదనం, కొత్త స్ప్రింగు గట్టిదనం, తగ్గే ఎత్తు – ఈ మూడు అంకెలూ చెప్పలేని అమ్మకందారు దగ్గర స్ప్రింగు కొనకండి. అసలు స్ప్రింగు చుట్లను కోయించి ఎత్తు తగ్గించడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. స్ప్రింగు కొస కూర్చునే ఆకారం పోతుంది, చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు తన చోటు నుంచి జారిపోవచ్చు.

9.5 షాక్ అబ్జార్బర్లు

స్ప్రింగు శక్తిని దాచుకుని తిరిగి ఇస్తుంది. ఆ ఊపును అణచివేసేది షాక్ అబ్జార్బర్. డాంపింగ్ నిష్పత్తి స్ప్రింగు గట్టిదనం, బరువు రెండింటి వర్గమూలాల మీద ఆధారపడుతుంది. షాక్ మార్చకుండా 30 శాతం గట్టి స్ప్రింగు వేస్తే, నిష్పత్తి √1.3 = 1.14తో భాగించబడుతుంది. మొదట 0.30 ఉన్నది 0.26కు తగ్గుతుంది. ఆ పైన పై ఉదాహరణలోని 80 కి.గ్రా. కూడా ఎక్కితే 0.22కు పడిపోతుంది. షాక్ అప్పటికే అరిగినదైతే ఇంకా తగ్గుతుంది.

దీనివల్ల తెలిసేది ఏమంటే, గట్టి స్ప్రింగు, పాత షాక్ కలిసిన కారు ఖాళీగా చురుగ్గా అనిపించినా, నిండు బరువుతో హైవే మీద ఊగిసలాడుతుంది. అందుకే స్ప్రింగు మార్చే పక్షంలో దానికి సరిపోయే షాక్ కూడా మార్చాలి. షాక్ ఒక్కటే మార్చి, స్ప్రింగు అసలుదే ఉంచవచ్చు. తిరిగిన కారుకు తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే మార్పు ఇదే. కారు ఎత్తు తగ్గదు, బంప్ స్టాపర్ వరకు చోటు తగ్గదు, ఊపు మాత్రం అదుపులోకి వస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఎత్తు తగ్గిస్తే షాక్ లోపలి పిస్టన్ ఆ మేరకు దిగువన పనిచేస్తుంది కనుక, తగ్గించిన ఎత్తుకు తగిన పొడవున్న షాక్ తీసుకోవాలి. సవరించుకునే షాక్ అయితే, మరీ గట్టిగా పెట్టకండి. చక్రం కిందికి రావడం ఆలస్యమై, వరుస గతుకుల మీద కారు వెనుక భాగం మెట్టుమెట్టుగా కిందికి కుంగిపోతుంది.

9.6 బుష్‌లు

మలుపులో టైరు మీద పక్క బలం పనిచేసే చోటు బుష్‌ల వెనుక ఉంటుంది. అందువల్ల రబ్బరు నొక్కుకుపోయి, మొత్తం బీమ్ కొద్దిగా తిరుగుతుంది. ఫలితంగా వెనుక చక్రాలు మలుపుకు బయటి దిశగా మళ్ళుతాయి. ఇది ఓవర్‌స్టీర్‌కు దారితీసే కదలిక. దీన్ని తగ్గించడానికే చాలా ట్విస్ట్ బీమ్ కార్లలో బుష్‌లను ఏటవాలుగా అమర్చుతారు, రబ్బరును ఒక దిశలో మెత్తగా, మరొక దిశలో గట్టిగా ఉండేలా పోత పోస్తారు. అరిగిన బుష్‌లున్న కారు లేన్ మారేటప్పుడు వెనుక నుంచి ఎవరో స్టీరింగ్ తిప్పినట్లు అనిపించడానికి కారణం ఇదే.

పాలీయురేథేన్ బుష్ రబ్బరు కంటే గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే అన్ని దిశల్లోనూ ఒకే గట్టిదనం ఉన్న రకం వేస్తే, తయారీదారు ఆలోచించి పెట్టిన ఏర్పాటు పోతుంది. రోడ్డు చప్పుడు, కంపనం లోపలికి ఎక్కువగా వస్తాయి. రోజువారీ కారుకు కొత్త అసలు రబ్బరు బుష్‌లే చాలావరకు సరైన ఎంపిక.

9.7 వెనుక యాంటీ రోల్ బార్

మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు కొంత బరువు మారుతుంది. ఎంత మారుతుందన్నది కారు బరువు, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వేగం నిర్ణయిస్తాయి. బార్ దాన్ని మార్చలేదు. ముందు జత మీద ఎంత, వెనుక జత మీద ఎంత అన్న పంపకాన్ని మాత్రమే మారుస్తుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కనుక ఏ జత మీద బరువు మార్పిడి ఎక్కువైతే ఆ జత మొత్తం పట్టు తగ్గుతుంది.

వెనుక బార్ వేస్తే వెనుక పట్టు తగ్గి, ముందు పట్టు పెరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో బయటికి పోయే అండర్‌స్టీర్ అలవాటు తగ్గి, చురుగ్గా తిరుగుతుంది. "బార్ వేయగానే కారు మారిపోయింది" అని చెప్పేవారు పొందింది ఈ ఫలితాన్నే. ఇది వెనుక పట్టును కొంత వదులుకుని కొనుక్కున్న చురుకుదనం అని మీరు గుర్తుంచుకోవాలి.

ఆ ధర ఎప్పుడు చెల్లించవలసి వస్తుంది? వానలో ఘాట్ రోడ్డు దిగుతున్నారు. మలుపు అనుకున్నదానికంటే బిగుతుగా వచ్చింది. భయపడి యాక్సిలరేటర్ వదిలేశారు, లేదా బ్రేకు తొక్కారు. బరువు ముందుకు పోయి వెనుక చక్రాలు తేలికవుతాయి. అప్పటికే పట్టు తగ్గించిన వెనుక భాగం జారి, కారు అడ్డం తిరుగుతుంది. కంపెనీ నుంచి వచ్చిన కారులో అండర్‌స్టీర్ కొంత ఉంచడానికి కారణం ఈ పరిస్థితే. భయపడిన మనిషి సహజంగా చేసే పని ఆ కారును దారిలో పెడుతుంది. కారును మీ ఇంట్లో మరొకరు కూడా నడుపుతారా అన్న ప్రశ్నకు జవాబు అవును అయితే, గట్టి వెనుక బార్ వేయకండి. ఒక చక్రమే గుంటలో పడినప్పుడు కుదుపు పెరగడం దీని మరో ఫలితం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – II
2. పై ఉదాహరణలో 20 మి.మీ. ఎత్తు తగ్గించే, మి.మీ.కు 25 న్యూటన్ల స్ప్రింగు వేస్తే నిండు బరువుతో ఎంత చోటు మిగులుతుంది?
3. వెనుక యాంటీ రోల్ బార్ మొత్తం బరువు మార్పిడిని తగ్గిస్తుందా?

9.8 ఎంపిక క్రమం – ఒక ఉదాహరణ

విశాఖపట్నంలో ఉండే ఒక యజమానిని ఊహించుకోండి. ఎనిమిదేళ్ళ పోలో. రోజూ ఊళ్ళో ప్రయాణం. నెలకోసారి కుటుంబంతో అరకు ఘాట్ మీదుగా వెళ్ళివస్తాడు. అతని ఫిర్యాదు: "మలుపుల్లో వెనుక భాగం ఊగుతోంది." దుకాణంలో 40 మి.మీ. తగ్గించే స్ప్రింగులు, వెనుక బార్ వేయించుకోమన్నారు.

మీరైతే ఏం చెబుతారు? ఊగడం డాంపింగ్ లోపానికి గుర్తు. ముందు టైర్లు, బుష్‌లు, అలైన్‌మెంట్ చూడాలి. తరువాత నాలుగు షాక్ అబ్జార్బర్లూ మంచి నాణ్యత గలవి మార్చాలి. వెనుకవి మాత్రమే మార్చితే ముందు, వెనుక స్పందనలో తేడా వస్తుంది. అరిగిన బంప్ స్టాపర్లు కూడా ఇప్పుడే మార్చాలి. నెలరోజులు నడిపి, నిండు బరువుతో ఒకసారి ఘాట్ ఎక్కి దిగాలి. ఇంకా ఒరగడం ఎక్కువ అనిపిస్తే 15 మి.మీ.కు మించి తగ్గని స్ప్రింగులు నాలుగు చక్రాలకూ ఒకే కిట్‌గా వేయవచ్చు. బార్ అవసరం అక్కడికి రాకపోవచ్చు.

ఒకేసారి ఒకటే మార్పు చేయడం ముఖ్యం. మూడు కలిపి చేయిస్తే ఏది మేలు చేసింది, ఏది కీడు చేసిందన్నది తెలియదు. తీసిన అసలు భాగాలను పారవేయకుండా దాచిపెట్టడం కూడా అవసరం.

9.9 చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులకు సంబంధించినది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అరిగిన భాగం బదులు అదే కొలతల కొత్త భాగం వేయడం మరమ్మతు. ఎత్తు తగ్గించడం మార్పు. కాబట్టి స్ప్రింగుల దాకా వెళ్ళేముందు రవాణా శాఖ కార్యాలయంలోనూ, మీ బీమా సంస్థ దగ్గరా రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్రమాదం జరిగిన తరువాత క్లెయిమ్ సమయంలో ఈ ప్రశ్న ఎదురైతే ఆలస్యమైపోతుంది.

9.10 సారాంశం

ట్విస్ట్ బీమ్ తానే కొంతవరకు యాంటీ రోల్ బార్‌గా పనిచేస్తుంది. రోజువారీ కారులో వెనుక బరువు ఎక్కువగా మారుతుంది కనుక, ప్రతి మార్పునూ నిండు బరువుతో లెక్కించాలి. ఎత్తు తగ్గించడం వల్ల పోయిన చోటును స్ప్రింగు గట్టిదనం పూడ్చలేదు. స్ప్రింగు మార్చితే దానికి తగిన షాక్ అవసరం. వెనుక బార్ చురుకుదనాన్నిచ్చి వెనుక పట్టును తగ్గిస్తుంది. సరైన క్రమం: తనిఖీ, టైర్లు, షాక్‌లు, బుష్‌లు, అవసరమైతే స్వల్పంగా గట్టి స్ప్రింగులు, అన్నిటికంటే చివర బార్.

9.11 ముఖ్య పదాలు

బంప్ స్టాపర్: సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు లోహానికి లోహం తగలకుండా అడ్డుపడే రబ్బరు లేదా ఫోమ్ భాగం.
డాంపింగ్ నిష్పత్తి: ఊపు ఎంత త్వరగా అణగుతుందో తెలిపే సంఖ్య.
టో: పైనుంచి చూసినప్పుడు చక్రాలు లోపలికి లేదా బయటికి తిరిగి ఉండే కోణం.
క్యాంబర్: ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిలువు నుంచి వాలి ఉండే కోణం.

9.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. ఒక చక్రం మాత్రమే లేచినప్పుడు లేదా కారు ఒరిగినప్పుడు మెలితిరుగుతుంది. రెండు చక్రాలూ సమానంగా లేచినప్పుడు మెలితిరగదు.
2. ఖాళీగా చోటు 50 మి.మీ. దిగేది 785 ÷ 25 = సుమారు 31 మి.మీ. మిగిలేది సుమారు 19 మి.మీ.
3. తగ్గించదు. ముందు, వెనుక జతల మధ్య దాని పంపకాన్ని మారుస్తుంది.

9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కారు ఎత్తు తగ్గించడం వల్ల రోజువారీ వాడకంలో వచ్చే ఇబ్బందులను లెక్కతో సహా వివరించండి.
2. ముందు చక్రాలతో నడిచే కారుపై వెనుక యాంటీ రోల్ బార్ ప్రభావాన్ని పొడి రోడ్డు, తడి రోడ్డు సందర్భాల్లో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. స్ప్రింగు మార్చినప్పుడు షాక్ అబ్జార్బర్ కూడా ఎందుకు మార్చాలి?
2. ట్విస్ట్ బీమ్ బుష్‌లు అరిగితే కారు నడకలో వచ్చే మార్పులేవి?
3. మీకు తెలిసిన ఒక కారును పరిశీలించి, 9.3లోని నాలుగు అంశాల ప్రకారం తనిఖీ నివేదిక రాయండి.